ప్రభుత్వం మారితే కుర్చీ మారేది: రుమేనియా రచయిత కరజాలె ఉద్యోగ జీవితం

క్లుప్తంగా: రుమేనియా నాటక సాహిత్యంలో అగ్రస్థానంలో నిలిచిన ఇయోన్ లూకా కరజాలె (1852–1912) బతుకుతెరువు కోసం పలుమార్లు ప్రభుత్వ కొలువులో చేరారు, పలుమార్లు బయటికి వచ్చారు. ఆ రాకపోకల్లో చాలావాటికి బుకారెస్ట్‌లో అధికారం చేతులు మారడమో, ప్రాపకం ఇచ్చిన మనిషితో సంబంధం మారడమో కారణం. నాటి నియామకాల తీరు, ఎన్నికల తీరు తెలిస్తే ఆయన జీవితంలో పొంతన లేనట్టు కనిపించే మలుపులు పొంతనకు వస్తాయి. ఆయన నాటకాలకు ముడిసరుకు ఎక్కడిదో కూడా తెలుస్తుంది.

కరజాలెను పరిచయం చేసేటప్పుడు నాటక రచయిత, పాత్రికేయుడు, ప్రభుత్వోద్యోగి అనే మూడు మాటలు తరచూ వాడతారు. ఈ మూడో మాట దగ్గరే తెలుగు పాఠకుడు తికమకపడతాడు. మనకు సర్కారు ఉద్యోగం అంటే పోటీ పరీక్ష, నియామక పత్రం, పదవీ విరమణ దాకా భద్రత, ఆ తర్వాత పింఛను. ఈ చిత్రాన్ని మనసులో పెట్టుకుని కరజాలె జీవిత చరిత్ర చదివితే వెంటనే రెండు సందేహాలు వస్తాయి. నెలనెలా జీతం వచ్చే మనిషికి బీరుశాల నడపవలసిన అవసరం ఎందుకు వచ్చింది? అధికార గణాన్ని రంగస్థలం మీద అంతగా నవ్వులపాలు చేసిన రచయితను పిలిచి మళ్లీ మళ్లీ కుర్చీ ఎందుకు ఇచ్చారు? రెండింటికీ జవాబు ఆ కాలపు ఉద్యోగం స్వభావంలోనే ఉంది.

పదవుల వరుస

కరజాలె 1852లో హైమనాలె అనే పల్లెలో పుట్టారు. ఇప్పుడు ఆ ఊరికి ఆయన పేరే పెట్టారు. చదువు ప్లోయెష్ట్ పట్టణంలో సాగింది. చిన్నాన్నలు నటులు, నాటక సమాజాల నిర్వాహకులు. తండ్రి లూకా కూడా మొదట్లో రంగస్థలాన్ని ఆశ్రయించినా తర్వాత న్యాయవాద వృత్తిలో స్థిరపడ్డారు. ఆయన 1870లో చనిపోవడంతో తల్లి, చెల్లెలి భారం పద్దెనిమిదేళ్ల కొడుకు మీద పడింది. ప్రహోవ జిల్లా న్యాయస్థానంలో నకళ్లు రాసే గుమాస్తా పని, ఆ తర్వాత బుకారెస్ట్ నేషనల్ థియేటర్‌లో తెర వెనుక నుంచి నటులకు మాటలు అందించే పని ఆయన తొలి కొలువులు.

అసలు ఉద్యోగ చరిత్ర 1881లో మొదలవుతుంది. ఆ ఏడాది విద్యాశాఖ ఆయనను నెయంట్స్, సుచావ జిల్లాలకు పాఠశాలల తనిఖీ అధికారిగా నియమించింది. 1882లో ఆర్జెష్, వుల్చా జిల్లాలకు మార్చింది. 1884 ప్రాంతంలో ఆయన పొగాకు, ఉప్పు వంటి సరుకుల మీద ప్రభుత్వ గుత్తాధిపత్యాన్ని నడిపే 'రెజీ' అనే సంస్థలో గుమాస్తాగా ఉన్నారు. 1888లో నేషనల్ థియేటర్‌కు డైరెక్టర్ అయి, ఏడాది తిరగకముందే తప్పుకున్నారు. పదేళ్ల విరామం తర్వాత 1899లో మళ్లీ రెజీలోనే దస్త్రాలు నమోదు చేసే ఉద్యోగం దొరికింది. 1901లో అదీ పోయింది.

ఈ తేదీల పక్కన ప్రభుత్వాల తేదీలు పెట్టి చూడాలి. 1876 నుంచి 1888 వరకు లిబరల్ పార్టీ పాలన. 1888లో కన్సర్వేటివ్ పక్షంలోని జునిమేయ వర్గం అధికారంలోకి వచ్చింది. ఆ వర్గపు మేధావి, విమర్శకుడు తీతు మయోరెస్కు విద్యామంత్రి అయ్యారు. కరజాలెకు థియేటర్ పదవి ఆ వేసవిలోనే వచ్చింది. 1895లో లిబరల్ ప్రభుత్వం, 1899లో కన్సర్వేటివ్ ప్రభుత్వం వచ్చాయి. కరజాలె రెజీకి తిరిగి వచ్చింది 1899లోనే. 1901 ఫిబ్రవరిలో దిమిత్రియె స్తుర్జా నాయకత్వంలో లిబరల్స్ గద్దెనెక్కారు. అప్పటికి దేశం తీవ్రమైన ఆర్థిక సంక్షోభంలో ఉంది. ఖర్చుల కోతలో భాగంగా ఆయన ఉద్యోగం రద్దయింది.

ఈ రెండు వరుసలు అన్ని చోట్లా సరిపోలవు. సరిపోలని చోట్లే వ్యవస్థ తీరు మరింత స్పష్టంగా తెలుస్తుంది. 1881 నాటి తనిఖీ అధికారి పదవిని ఇచ్చింది లిబరల్ మంత్రి వి. ఎ. ఉరెకియా. అంతకుముందు మూడేళ్లు కరజాలె పనిచేసిన 'తింపుల్' పత్రిక మాత్రం లిబరల్స్‌ను ఏకిపారేసిన కన్సర్వేటివ్ పత్రిక. మరోవైపు 1892 నుంచి 1895 దాకా కన్సర్వేటివ్‌లే అధికారంలో ఉన్నా ఆయనకు చెప్పుకోదగిన కుర్చీ ఏదీ దక్కలేదు. 1892లో ఆయన మయోరెస్కుతో బహిరంగంగా తెగతెంపులు చేసుకున్నారు. బీరుశాల, బుజౌ రైల్వే స్టేషనులో భోజనశాల నడిపిన రోజులు సరిగ్గా ఆ తర్వాతివే. పార్టీ గెలిస్తే చాలదు, ఆ పార్టీలో మన పేరు ఎత్తే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి ఉంటే ఎదుటి పక్షం నుంచి కూడా ఉద్యోగం రావచ్చు. లేకపోతే సొంత పక్షం గద్దె మీద ఉన్నా పిలుపు రాదు.

చక్రం ఎలా తిరిగేది

రుమేనియా 1866 రాజ్యాంగం 1831 నాటి బెల్జియం రాజ్యాంగాన్ని నమూనాగా తీసుకుంది. పార్లమెంటు, పత్రికా స్వేచ్ఛ, మంత్రుల బాధ్యత అన్నీ అందులో ఉన్నాయి. ఓటు మాత్రం ఆస్తిని బట్టి. ఓటర్లను జిల్లాకు నాలుగు శ్రేణులుగా విడగొట్టారు. పైశ్రేణుల్లో కొద్దిమంది భూస్వాములు ఉండేవారు, ఒక్కొక్కరి ఓటుకు విలువ ఎక్కువ. అట్టడుగు శ్రేణిలో లక్షల మంది రైతులు. వారు నేరుగా ఓటు వేయలేరు. యాభై మందికి ఒక ప్రతినిధి చొప్పున ఎన్నుకుంటే ఆ ప్రతినిధులు వెళ్లి ఓటేయాలి. 1884 సవరణతో నాలుగు శ్రేణులు మూడయ్యాయి కానీ పునాది మారలేదు. పురుషులందరికీ ఓటు హక్కు మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాకే వచ్చింది.

ఇంత తక్కువ ఓటర్లున్న చోట ఎన్నిక తలకిందులుగా నడిచేది. ప్రజలు ఓటేశాక ప్రభుత్వం ఏర్పడడం మనకు తెలిసిన క్రమం. అక్కడ రాజు కారోల్ ముందు ప్రధానిని నియమించేవారు. కొత్త ప్రధాని పార్లమెంటును రద్దు చేయించి ఎన్నికలు ప్రకటించేవారు. హోంమంత్రి జిల్లాల్లోని పాత ప్రిఫెక్ట్‌లను తీసేసి తన వారిని పెట్టేవారు. ప్రిఫెక్ట్ అంటే జిల్లా పాలనాధికారి. ఎన్నికల నిర్వహణ, పోలీసులు, సిబ్బంది అన్నీ ఆయన కనుసన్నల్లో ఉండేవి. ఫలితం ముందే తేలిపోయేది. ఎన్నికలు జరిపించిన ప్రభుత్వం ఓడిపోవడం దాదాపుగా జరగలేదు. కొన్నేళ్లు గడిచాక రాజు ఎదుటి పక్షాన్ని పిలిచేవారు, అదే క్రమం మళ్లీ మొదలయ్యేది. రుమేనియా చరిత్రకారులు దీన్ని ప్రభుత్వ చక్రభ్రమణం అంటారు.

చక్రం ఒక్క చుట్టు తిరిగితే మారేది మంత్రులే కాదు. ప్రిఫెక్ట్‌తో పాటు ఉపప్రిఫెక్ట్, పోలీసు అధికారి, బడి తనిఖీ అధికారి, రెజీ గుమాస్తా, చివరికి నకళ్లు రాసేవాడు కూడా మారవచ్చు. పోటీ పరీక్ష లేదు, తొలగింపు నుంచి రక్షణ లేదు. గెలిచిన పక్షం తన కార్యకర్తలకు, పత్రికల్లో తన తరఫున కలం పట్టినవారికి జీతం చూపించాలి. అందుకు ఖజానా తప్ప వేరే వనరు లేదు.

కలం పట్టినవారికి ఖజానా ఎందుకు?

రచయితలు ఈ చక్రానికి ఎందుకు తగులుకున్నారన్నది తర్వాతి ప్రశ్న. 1899 జనాభా లెక్కల ప్రకారం రుమేనియాలో ఏడేళ్లు దాటినవారిలో నూటికి దాదాపు 78 మందికి చదవడం రాయడం రాదు. పుస్తకం కొనేవారు నగరాల్లో వేళ్ల మీద లెక్కించదగినంత మంది. నాటకం నాలుగు రాత్రులు ఆడితే గొప్ప. అక్షరం తెలిసిన యువకుడికి నెల జీతం ఇవ్వగలిగిన అతిపెద్ద యజమాని ప్రభుత్వమే. దానికి సాహిత్యం మీద ప్రేమ ఉందా లేదా అన్నది అప్రస్తుతం.

కరజాలెకు 'తింపుల్' పత్రికలో సహచరుడు, మహాకవి మిహాయ్ ఎమినెస్కు కథ దీనికి దగ్గరి పోలిక. 1874లో మయోరెస్కు విద్యామంత్రిగా ఉండగా ఎమినెస్కు యాష్ నగరంలోని గ్రంథాలయానికి అధికారి అయ్యారు. 1875లో యాష్, వస్లుయ్ జిల్లాల పాఠశాలల తనిఖీ అధికారి అయ్యారు. బండిలో ఊరూరా తిరిగి, బడుల దుస్థితి మీద శ్రద్ధగా నివేదికలు పంపారు. ఉపాధ్యాయుడు ఇయోన్ క్రియాంగను కథలు రాయమని ప్రోత్సహించింది ఆ రోజుల్లోనే. 1876లో లిబరల్స్ రాగానే ఉద్యోగం పోయింది. గ్రంథాలయం పుస్తకాల విషయంలో అభియోగం కూడా మోపారు. అది నిలవలేదు. ఆ తర్వాత ఆయన బతుకు ఎక్కువగా పత్రికల్లోనే గడిచింది. పనిలో నిజాయితీ, నైపుణ్యం ఉద్యోగాన్ని నిలబెట్టలేవని చెప్పడానికి ఇంతకన్నా బలమైన ఉదాహరణ ఆ దేశ సాహిత్య చరిత్రలో దొరకదు.

కరజాలె మిత్రుడు, సామ్యవాద విమర్శకుడు దొబ్రోజాను గేరియా మరో దారి పట్టారు. ప్లోయెష్ట్ రైల్వే స్టేషనులో భోజనశాల నడుపుతూ దాని ఆదాయంతో కుటుంబాన్ని పోషించుకుని సాహిత్య వ్యాసాలు రాశారు. మంత్రి మారినా ఆయన పొయ్యి ఆరలేదు. కరజాలె బుజౌ స్టేషనులో ప్రయత్నించింది కూడా ఇదే. ఒకరికి నిలదొక్కుకున్న వ్యాపారం మరొకరికి నిలవలేదు.

కొండ జిల్లా రాజధానిలో ఒక ఉత్తరం

1884 నవంబరులో బుకారెస్ట్ నేషనల్ థియేటర్‌లో మొదటిసారి ఆడిన 'పోయిన ఉత్తరం' కరజాలె ప్రతిభకు శిఖరం. ఉద్యోగ జీవితం ఆయన రచనకు ఏమిచ్చిందో తెలుసుకోవాలంటే ఈ నాటకం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి.

కథ జరిగే స్థలం 'ఒక కొండ జిల్లా రాజధాని, ఈ రోజుల్లో' అని మాత్రమే రచయిత సూచించారు. అది ఫలానా ఊరేనని తేల్చడానికి ఆధారం చాలదు. కానీ మూడేళ్ల ముందు ఆయన తనిఖీ అధికారిగా మొదట మకాం పెట్టిన ప్యాత్రా నెయంట్స్ కొండల మధ్య పట్టణం. ఆర్జెష్, వుల్చాలు కూడా కొండల వైపు జిల్లాలే. బడి తనిఖీకి వెళ్లిన అధికారి ప్రిఫెక్ట్‌ను కలవాలి, పురపాలక సంఘంతో మాట్లాడాలి, ఉపాధ్యాయుల తగవులు వినాలి, బల్లలకూ కప్పులకూ బడ్జెట్‌లో పెట్టిన డబ్బు ఏమైందో అడగాలి. రాజధానిలో కూర్చున్న రచయితకు అందని జిల్లా స్థాయి అధికార యంత్రాంగం ఆయన కళ్ల ముందే నడిచింది.

నాటకంలో ప్రిఫెక్ట్ తిపతెస్కు తన మిత్రుడు త్రహనాకె భార్య జోయెకు రాసిన ప్రేమలేఖ ఎక్కడో పడిపోతుంది. అది ప్రతిపక్ష పత్రిక యజమాని కత్సవెంకు చేతికి చిక్కుతుంది. తనను శాసనసభ అభ్యర్థిగా నిలబెడితే సరే, లేకపోతే ఉత్తరాన్ని అచ్చువేస్తానని అతని బెదిరింపు. జిల్లా పెద్దలు ఈ బేరంలో మునిగి ఉండగా బుకారెస్ట్ నుంచి తంతి వస్తుంది: దాందనాకె అనే, ఆ ఊళ్లో ఎవరికీ తెలియని మనిషిని గెలిపించాలి. అతను వచ్చాక తెలిసేదేమిటంటే, అతనూ రాజధానిలో మరో పెద్దమనిషి ప్రేమలేఖను చేజిక్కించుకునే టికెట్ సంపాదించాడు. కత్సవెంకు ఉత్తరం తిరిగి ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. దాందనాకె మాత్రం తన దగ్గరున్న ఉత్తరాన్ని దాచుకున్నాడు, మళ్లీ పనికొస్తుందని.

పైన వివరించిన చక్రం ప్రతి పన్నూ ఈ కథలో ఉంది. అభ్యర్థిని కేంద్రం నిర్ణయిస్తుంది, ప్రిఫెక్ట్ గెలిపిస్తాడు, ఓటరు ఓటేస్తాడు. ఆ క్రమంలో ఓటరు స్థానాన్ని చూపించడానికి కరజాలె ఒక తాగుబోతు పౌరుణ్ణి పెట్టారు. అతను అందరినీ అడిగేది ఒకే ప్రశ్న: నేను ఎవరికి ఓటేయాలి?

ఈ పౌరుడి విషయంలో చాలామంది దృష్టికి రాని వివరం ఒకటి ఉంది. అతను ఒకప్పుడు తపాలాశాఖలో ఉత్తరాలు పంచేవాడు. దొరికిన ఉత్తరాన్ని చిరునామాదారుకు అందించడం అతనికి అలవాటుగా మిగిలిన ధర్మం. మత్తులో తూలుతూనే దాన్ని చివరికి జోయె చేతిలో పెట్టేది అతనే, బదులుగా ఏదీ అడగడు. మొత్తం నాటకంలో ఉద్యోగ ధర్మం పాటించినవాడు కొలువులో లేని ఆ మాజీ ఉద్యోగి ఒక్కడే. కరజాలె అధికార యంత్రాంగాన్ని ద్వేషించారని చెప్పేవారు ఈ పాత్రను పక్కన పెట్టి చెప్పవలసి ఉంటుంది. ఉద్యోగం ఎలా ఉండాలో ఆయనకు తెలుసు. ఆ తెలివిడిని పంచే పనిని నాటకంలో అందరికన్నా కిందివాడికి అప్పగించారు.

పోలీసు అధికారి ప్రిస్తాంద రెండో కొస. పండుగ జెండాల కోసం నలభై నాలుగింటికి లెక్క రాసి, ఊళ్లో అందులో దాదాపు మూడో వంతే కట్టినవాడు. ప్రిఫెక్ట్ నిలదీస్తే జెండాలు ఎక్కడెక్కడ పెట్టాడో కూడుతూ కూడుతూ నలభై నాలుగుకు చేర్చాలని చూస్తాడు. తన సమర్థనగా అతను చెప్పే మాట ఆ దేశంలో సామెత స్థాయికి చేరింది: కుటుంబం పెద్దది, బడ్జెట్ ప్రకారం జీతం చిన్నది. పెద్దల అవినీతికీ పెద్ద కుటుంబాన్ని పోషించాల్సిన చిరుద్యోగి అవినీతికీ తేడా ఉందని కరజాలె పట్టించుకున్నారు. ప్రిస్తాంద రేపు ప్రభుత్వం మారితే రోడ్డు మీద పడతాడు. అందుకే ప్రిఫెక్ట్‌కు వంగి వంగి దండాలు పెడతాడు, అందుకే ఆయనకు చాటుగా ప్రతిపక్షనాయకుణ్ణి కూడా మంచి చేసుకుంటాడు. భద్రత లేని ఉద్యోగం మనిషిని రెండు వైపులకూ కట్టేస్తుంది.

అంతకు నాలుగేళ్ల ముందు వచ్చిన ఏకాంకిక 'కోను లెయోనిదా' లోనూ ఇదే మూలం మరో రూపంలో ఉంది. పింఛను మీద బతికే లెయోనిదా గణతంత్రం వస్తే ఎంత బాగుంటుందో భార్యకు వివరిస్తాడు: ఎవరూ పన్ను కట్టనక్కరలేదు, ప్రతి పౌరుడికీ నెలకు మంచి జీతం, తనకు పాత చట్టం కింద పింఛను అదనం. ఖజానాకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న ఆలోచనే ఆ ఇంట్లో లేదు. ప్రభుత్వమే ఏకైక యజమాని అయిన సమాజంలో ఆ కల అసహజమేమీ కాదు.

రిజిస్టరు పక్కన రాసిన కథలు

1899–1901 మధ్య రెజీలో చేసిన ఉద్యోగం చిన్నది. సాహిత్యపరంగా మాత్రం ఆ కాలం అత్యంత సారవంతమైనది. 'యునివెర్సుల్' దినపత్రికకు ఆయన వరుసగా చిన్న కథలు రాశారు. అవి 1901లో 'మొమెంతె' అనే సంపుటంగా వచ్చాయి. వాటిలో కార్యాలయపు వాసన స్పష్టంగా తగులుతుంది. ఒక కథలో అర్జీ సంగతి కనుక్కోవడానికి వచ్చిన మనిషి గ్లాసు మీద గ్లాసు నీళ్లు అడుగుతూ గుమాస్తా ఓపికను హరించి, చివరికి వచ్చింది వేరే కార్యాలయానికని తేలుతుంది. ఇంకో కథ పూర్తిగా తంతి సందేశాలతోనే నడుస్తుంది: జిల్లా కేంద్రంలో చెంపదెబ్బ తగాదా రాజధాని దాకా పాకి, పార్టీల ప్రమేయంతో పెరిగి, అందరూ కూడలిలో ముద్దులు పెట్టుకోవడంతో ముగుస్తుంది.

నియామకాల పద్ధతిని సూటిగా పట్టుకున్నది మాత్రం సిఫారసుల గొలుసు గురించిన కథ. ఒక కుర్రాడికి మార్కులు వేయించాలి. అడిగినవారికి వేరొకరు చెప్పారు, వారికి ఇంకొకరు. గొలుసులో ఎవరూ ఆ కుర్రాణ్ణి ఎరగరు, ఎవరికి వారు తమకు చెప్పినవారి మాట కాదనలేక అడుగుతున్నారు. ఇక్కడ దుర్మార్గుడు లేడు. కథ బలమంతా అందులోనే ఉంది. సిఫారసు వ్యవస్థ నిలబడింది మొహమాటం మీద అని ఆయన గుర్తించారు. తన కుర్చీ కూడా అటువంటి ఒక గొలుసు చివరే వేలాడుతోందని తెలియకుండా ఆయన అది రాసి ఉండరు.

ఆ కుర్చీ పోయిన సంవత్సరంలో ప్రధానిగా ఉన్న స్తుర్జాతో కరజాలెకు పాత లెక్క ఒకటుంది. 1891లో రుమేనియన్ అకాడమీ బహుమతి చర్చకు వచ్చినప్పుడు, ఈ నాటకాలు జాతిని గౌరవించడం లేదని స్తుర్జా వ్యతిరేకించారు. బహుమతి రాలేదు. 1901 నాటి ఉద్యోగ నష్టాన్ని ఆ వైరంతో ముడిపెట్టడం సులువే కానీ, ఆ ఏడాది కోతలు వేల మంది ఉద్యోగులను తాకాయి. సంక్షోభం ఒక్కటే చాలిన కారణం. కరజాలెను అకాడమీ తన సభ్యుడిగా గుర్తించింది ఆయన పోయిన 36 ఏళ్లకు, 1948లో.

వారసత్వం, బెర్లిన్, 1907

చక్రం నుంచి ఆయనను బయటికి లాగింది సాహిత్యం కాదు, బంధువు ఆస్తి. తల్లి వైపు బంధువైన సంపన్నురాలి ఆస్తి సుదీర్ఘ వ్యాజ్యాల తర్వాత చేతికొచ్చింది. 1905 నాటికి ఆయన కుటుంబంతో బెర్లిన్‌లో స్థిరపడ్డారు. నెల జీతం కోసం ఎవరి గుమ్మమూ తొక్కనక్కరలేని స్థితి యాభై ఏళ్లు దాటాక దక్కింది.

ఆ దూరం ఇచ్చిన స్వేచ్ఛ 1907లో బయటపడింది. ఆ వసంతంలో రుమేనియా రైతులు తిరగబడ్డారు. సైన్యం వేల మందిని చంపి అణచివేసింది. కరజాలె రాసిన '1907, వసంతం నుంచి శరదృతువు దాకా' అనే వ్యాసం మొదటి భాగం వియన్నాలోని ఒక జర్మన్ పత్రికలో, 'ఒక రుమేనియా దేశభక్తుడు' అన్న సంతకంతో వచ్చింది. అందులో ఆయన భూమి సమస్యతో ఆగలేదు. రెండు పక్షాలూ వంతులవారీగా పాలించడం, ప్రతి మార్పుకూ అధికార యంత్రాంగమంతా తలకిందులు కావడం, ఉద్యోగాల కోసం కాచుకుని కూర్చున్న జనం, వీటన్నిటినీ తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో చేర్చారు. నాటకాల్లో నవ్వుగా ఉన్నది ఇక్కడ అభియోగపత్రంగా మారింది. ముప్పై ఏళ్లపాటు లోపలా బయటా తిరిగిన మనిషి సాక్ష్యం కనుకనే దానికి ఆ బరువు ఉంది.

అయినా ఆయన రాజకీయాలను వదల్లేదు. 1908లో తాకె యోనెస్కు కొత్తగా పెట్టిన కన్సర్వేటివ్ డెమోక్రటిక్ పార్టీ తరఫున సభల్లో మాట్లాడారు. 1912 జూన్‌లో బెర్లిన్‌లోనే చనిపోయారు. భౌతికకాయాన్ని తర్వాత బుకారెస్ట్‌లోని బెల్లు శ్మశానవాటికకు తరలించారు.

కొడుకు కుర్చీ

రెజీలో మొదటిసారి పనిచేసిన రోజుల్లో అక్కడి ఉద్యోగిని మరియా కాన్‌స్తాంతినెస్కుతో కరజాలెకు కలిగిన కొడుకు మతేయు. 1885లో పుట్టిన ఈయన తర్వాత 'క్రాయి దె కుర్త్యా వెకె' అనే నవలతో రుమేనియా వచనంలో తండ్రికి దీటైన స్థానం సంపాదించారు. తండ్రికొడుకులకు పడేది కాదు. రచనా శైలి, అభిరుచి, లోకాన్ని చూసే తీరు అన్నీ వేరు. తండ్రి పోయిన కొద్ది నెలలకే, 1912 శరదృతువులో, కన్సర్వేటివ్‌లూ తాకె యోనెస్కు పార్టీ కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేశారు. ప్రజాపనుల మంత్రి కార్యాలయంలో మతేయుకు ముఖ్య కార్యదర్శి పదవి దక్కింది. 1914 జనవరిలో లిబరల్స్ అధికారంలోకి రావడంతో పోయింది. ప్రభుత్వోద్యోగుల హోదాను నిర్ణయించే చట్టం రుమేనియాలో 1923లో వచ్చింది. అప్పటికి మతేయు వయసు 38.